ఒక పొడుగు, రెండు పొట్టి

రాత్రి పదింటికి షెడ్డుకెళ్లి వచ్చి
అన్నం సుత తినకుండ
గవే మూడు చప్పుళ్లు వింటున్న.
ఒక పొడుగు, రెండు పొట్టి.
పంకలు తిరుగుతున్నయ్.
తెర మాత్రం
కాజీపేట ఔటర్‌ల ఆపిన గూడ్సు లెక్క
కదలదు మెదలదు.

ఇరవై రెండేండ్ల సంది ఇంజన్ల బ్రేకులు విప్పి బిగించినోన్ని.
హారన్ల భాష నోటికొస్తది నాకు.
ఇది ఏ డ్రైవరు కూత?
ఎవర్ని పిలుస్తున్నది?

నడి దారిల ఇంజను మొరాయిస్తే
డ్రైవరు చేతిల ఒక పుస్తకముంటది,
ముందు ఇది చూడు, ఎనుక అది చూడు అని.
ఈ పెట్టెకు పుస్తకం లేదు.
బోర్డు కరీంనగర్‌ల కొన్న,
పెట్టె హన్మకొండ చౌరస్తల,
ర్యాములు కిస్తుల మీద.
గ్రాఫిక్స్ కార్డు యాకూబ్ ఇచ్చిండు,
ఎనుమాముల మార్కెట్ ముంగట
ఆయన నెట్‌సెంటరు ఎత్తేసిన నాడు.
"ముసలిదే గని మొండిది" అన్నడు.
పన్నెండొందలు.

షెడ్డు బుద్ధి యాడికి పోతది?
అన్నిటికంటె ముందు పాంటో తీగెకు తాకుతున్నదా లేదా.
కార్డు ఊడదీసి
దాని బంగారు పండ్లను బడిపిల్లల రబ్బరుతోని రుద్దిన.
టక్కుమనేదాక గూట్ల కూసోబెట్టిన.
ఎనిమిది కాళ్ల పవరు వైరు పీకి మల్ల గుచ్చిన.
రూపాయి బిళ్లంత బ్యాటరీ తీసి
పది నిమిషాలు దాని మతి పోగొట్టిన.
ఒక పొడుగు.
రెండు పొట్టి.

పంకల దుమ్మున్నదేమోనని
ఒక్క ఊదు ఊదిన.
దుమ్ము గాదది, మిరపకారం!
పదేండ్లు మార్కెట్‌కు ఎదురుంగ కూసోని
ఎన్ని బస్తాల ఘాటు మింగిందో
అంత నా కండ్లల్ల కక్కింది.
నల్లా కింద తలపెట్టి తుమ్ముతుంటే
కోమల లేచొచ్చింది.
"ఏడుస్తున్నవా?"
లేదన్న. కొంచెం అవునేమో.

"బోర్డు మీద గా చుక్కంత దీపం
ఏ రంగు చెప్పు?"
"ఎరుపు" అన్నది, ఇంకేం అడగలే.

ఆమెకు ఎరికే.
డ్రైవరు కొలువుకు పోయిన్నాడు
కండ్ల డాక్టరు చుక్కల బొమ్మ చూపి
లోపట అంకె ఎంత అన్నడు.
నాకు అన్ని చుక్కలే కనబడ్డయ్.
అప్పటి సంది ఇంజన్ కింద పంటున్న గని
ఇంజన్ల కూసోని ముంగటి పట్టా చూడలే.
ఎరుపు నాకు రంగుగ తెల్వదు.
ఇయ్యాల మంటగ తెలిసింది.

రైలు నడిపే ఆట ఒకటున్నది.
దాని కోసమే ఇదంత.
ఆటల సిగ్నల్‌కు డాక్టరు అడ్డం రాడు.
ఏ రంగో అక్కర్లేదు,
మీది దీపమా కింది దీపమా
గది చూస్తే సాలు.

తెల్లారి ఫాతిమానగర్ జిరాక్స్ సెంటర్ల
స్వరూపక్క ఇని నవ్వింది.
"కొత్త బోర్డుకు ముసలి కార్డు మాట తెల్వదు తమ్మీ.
లోపట సీఎస్ఎం అని ఉంటది, ఆన్ చెయ్యి."
"యాడుంటది?"
"తెర మీద కనబడ్తది."
"తెరే వస్తలేదక్కా."
చూపు రావాలంటే అది మార్చాలె,
అది మార్చాలంటే చూపు ఉండాలె.
నా ప్రాసెసర్‌కు సొంత చూపు లేదంట.
ఆమె తన డీటీపీ మిషిన్‌కెళ్లి
అరచెయ్యంత కార్డు ఒకటి పీకి ఇచ్చింది.
"మధ్యాహ్నం దాక. పెండ్లి కార్డులు ఆగినయ్ నాకు."

ఎరువు తెచ్చిన కండ్లతోని లోపటికి పోయిన.
గీతలు గీతలు, ఇంగ్లీషు పేర్లు.
దొరికింది. మార్చిన. ఆపిన.
మల్ల ముసలిదాన్నే కూసోబెట్టిన.

ఒక్కటే కూత, పొట్టిది.
తెర మీద బోర్డు కంపెనీ పేరు లేచింది,
ఎరుపో, నారింజో, అడగలే నేను.

ఆట ఇంక ఎక్కియ్యలే. రెండింటికి డ్యూటీ.
పోతపోత స్వరూపక్క కార్డు
కౌంటరు మీద పెట్టిన.
నా వేళ్లకంటిన కారం దానికీ అంటిందేమో,
ఆమె తుమ్మింది.
ఆధార్ జిరాక్సుకు నిలబడ్డ పోరడు సుత.